మధుమేహం ఉన్నవారికి క్యాన్సర్ భయం ఎక్కువా?

మధుమేహం వలన కండ్లు మసకబారుతాయని, మూత్రపిండాలు చెడుతాయని, కాలి పుండు మానదని, గుండెకు ముప్పు వస్తుందని ఈనాడు తెలియని కుటుంబం లేదు. ఈ వరుసలో చేరవలసిన మరొక వ్యాధి ఉన్నదని, అది క్యాన్సర్ అని చెబితే మాత్రం చాలామంది నమ్మరు. "చక్కెర వ్యాధి వేరు, రాచపుండు వేరు గదా, రెండింటికీ ముడి ఎక్కడ?" అని అడుగుతారు. మరికొందరు ఎక్కడో ఒక మాట విని, తమకు షుగర్ ఉన్నది కనుక క్యాన్సర్ తప్పదని నిద్ర మానుకుంటారు. నమ్మనివారిదీ, బెదిరినవారిదీ ఇద్దరిదీ పొరపాటే. వాస్తవం ఈ రెండింటి నడుమ ఉన్నది. దానిని పాఠకులకు విడమరచి చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను చేవెళ్లలో నలభై ఏండ్లుగా వైద్యం చేస్తున్నాను. నేను వైద్యశాల తెరిచిన తొలినాళ్ళలో మధుమేహ రోగి నెలకు ఒకరో ఇద్దరో వచ్చేవారు. వచ్చినవారు కూడా చాలావరకు వ్యాపారస్థులు, ఉద్యోగస్థులు. పొద్దున అంబలి తాగి, నాగలి వెంట నడిచి, రాత్రి జొన్నరొట్టె తిని పడుకొనే రైతుకు ఈ వ్యాధి అరుదు. ఈనాడు మొయినాబాదు నుండి చేవెళ్ల దాకా రోడ్డుకు ఇరువైపులా భూముల ధరలు పెరిగాయి. చాలా కుటుంబాలలో పొలం పోయి పైకం వచ్చింది. నడక పోయి మోటారు సైకిల్ వచ్చింది, జొన్న పోయి మూడు పూటలా సన్నబియ్యం వచ్చింది. ఇప్పుడు నా వద్దకు వచ్చే పదిమందిలో ముగ్గురు నలుగురికి మధుమేహం ఉంటున్నది. ఇది ఒక్క మా ప్రాంతపు సంగతి కాదు. భారత వైద్య పరిశోధనా మండలి తోడ్పాటుతో దేశమంతటా జరిగిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం మన దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహ రోగులు ఉన్నారు. మరో 13 కోట్ల 60 లక్షల మంది ఆ వ్యాధి గుమ్మంలో నిలబడి ఉన్నారు.

ఇంతమందికి ఉన్న వ్యాధి మరొక వ్యాధికి కొద్దిపాటి దోహదం చేసినా, దాని ఫలితం కొద్దిపాటిది కాదు. అందుకే ఈ విషయం ప్రతి గృహస్థు తెలుసుకోవాలి.

గ్రంథాలు ఏమంటున్నాయి?

ఆయుర్వేదంలో మధుమేహాన్ని ప్రమేహాలలో ఒకటిగా లెక్కించారు. కఫం వలన 10, పిత్తం వలన 6, వాతం వలన 4, మొత్తం 20 ప్రమేహాలు. వీటికి మూల కారణాలుగా చరకాచార్యులు చెప్పినవి ఈనాటి డాక్టర్లు చెప్పేవాటికి దూరం కావు. ఎక్కువసేపు సుఖంగా కూర్చోవడం, అతిగా నిద్రించడం, పెరుగు, పాలు, క్రొత్త ధాన్యం, బెల్లపు పదార్థాలు, కొవ్వు మాంసం మితిమీరి తినడం. వీటివలన కఫము, మేదస్సు, క్లేదము పెరిగి శరీరంలోని ధాతువులను చెడగొడతాయని శాస్త్రం.

ఇక అర్బుదం విషయం. సుశ్రుతాచార్యులు నిదాన స్థానంలో గ్రంథి, గళగండాలతో పాటు అర్బుదాన్ని వర్ణించారు. గుండ్రంగా, గట్టిగా, లోతైన వేరుతో, నెమ్మదిగా పెరిగే మాంసపు ముద్ద అని దాని స్వరూపం. వాత, పిత్త, కఫ, రక్త, మాంస, మేదో భేదాలతో అది ఆరు విధాలు. సాధారణమైన వ్రణశోథ పక్వమై చీము పడుతుంది. అర్బుదం మాత్రం కఫము, మేదస్సు అధికంగా ఉండడం చేత పక్వం కాదని ఆయన వివరణ.

పాఠకులు ఇక్కడ ఒక్క విషయం గమనించాలి. ప్రమేహానికి మూలమైన కఫమేదస్సులే అర్బుదంలోనూ ప్రధానంగా కనిపిస్తున్నాయి. అంతేకాదు, చరకాచార్యులు నిదాన స్థానం చివర, ఒక వ్యాధి మరొక వ్యాధికి కారణం కావచ్చునని చెప్పారు. దీనిని నిదానార్థకరత్వం అంటారు. కొన్ని వ్యాధులు మరొకదానిని పుట్టించి తాము శాంతిస్తాయి, కొన్ని తామూ తిష్ఠ వేసి రెండవదానినీ నిలబెడతాయి. మా హైదరాబాదు–బీజాపూరు రోడ్డు మీది మర్రిచెట్లను చూచినవారికి ఇది తేలికగా అర్థమవుతుంది. కొమ్మ నుండి జారిన ఊడ నేల తాకిన తరువాత అదే మరో మాను అవుతుంది. మొదటి మానూ పోదు.

అయితే ప్రమేహం నుండి అర్బుదం పుడుతుందని ప్రాచీనులు సూటిగా చెప్పారని నేను అనను. ప్రమేహ పిడకలు, అంటే మానని కురుపులు, వస్తాయని మాత్రం స్పష్టంగా చెప్పారు. లేనిదానిని గ్రంథానికి అంటగట్టడం గ్రంథానికి గౌరవం కాదు. మూలధాతువుల దుష్టి ఒకటే అనే సూచన శాస్త్రంలో ఉన్నది. దాని లెక్క తేల్చినది నేటి పరిశోధన.

నేటి పరిశోధనలు తేల్చిన లెక్క

2010లో అమెరికాలోని మధుమేహ సంఘం, క్యాన్సర్ సంఘం కలిసి అప్పటివరకు వచ్చిన పరిశోధనలను పరిశీలించి ఒక ఉమ్మడి నివేదిక వెలువరించాయి. పెద్ద వయసులో వచ్చే మధుమేహం, అనగా టైప్ 2 ఉన్నవారికి కొన్ని క్యాన్సర్లు ఎక్కువగా వస్తున్నాయని అందులో తేలింది. కాలేయం, క్లోమం, గర్భాశయపు లోపలి పొర, ఈ మూడు చోట్ల ముప్పు సుమారు రెట్టింపు, లేదా అంతకు మించి. పెద్దప్రేగు, మలాశయం, స్తనం, మూత్రాశయం, వీటిలో ఒకటింబావు నుండి ఒకటిన్నర రెట్ల వరకు. ఆశ్చర్యకరంగా పురుషులలో ప్రోస్టేట్ గ్రంథి క్యాన్సర్ మాత్రం మధుమేహులలో కొంత తక్కువగా కనిపించింది.

2011లో 97 అధ్యయనాలలోని 8 లక్షల 20 వేల మందికి పైగా వివరాలు కలిపి చూడగా, క్యాన్సర్ వలన మరణించే అవకాశం మధుమేహులకు సుమారు 25 శాతం అధికమని తేలింది. 2018లో సుమారు 2 కోట్ల మంది వివరాలతో జరిగిన మరొక పరిశీలనలో మధుమేహం ఉన్న స్త్రీలకు క్యాన్సర్ వచ్చే అవకాశం 27 శాతం, పురుషులకు 19 శాతం ఎక్కువగా కనిపించింది. అనగా ఈ విషయంలో స్త్రీలు మరికొంచెం జాగ్రత్తగా ఉండాలి.

ఈ శాతాలు చూచి బెంబేలు పడనక్కరలేదు. ఒక ఉదాహరణ చెబుతాను. మధుమేహం లేని వెయ్యిమందిలో కొంతకాలానికి 20 మందికి క్యాన్సర్ వచ్చిందనుకుందాం. మధుమేహం ఉన్న వెయ్యిమందిలో అది 24 మందికో 25 మందికో వస్తుంది. మిగిలిన 975 మందికి రాలేదు గదా! కనుక "షుగర్ ఉంటే క్యాన్సర్ వస్తుంది" అన్నమాట తప్పు. "షుగర్ ఉన్నవారు క్యాన్సర్ లక్షణాలను ఇతరుల కంటే ముందుగా గుర్తించాలి" అన్నమాట సరైనది.

ఎందువలన ఈ సంబంధం?

మన శరీరంలో చక్కెరను కండరాలలోకి పంపే రసం ఇన్సులిన్. ఒంట్లో, ముఖ్యంగా పొట్ట చుట్టూ, కొవ్వు పేరుకుంటే ఇన్సులిన్ మాట శరీరం సరిగా వినదు. అప్పుడు క్లోమగ్రంథి మరింత ఇన్సులిన్‌ను వదులుతుంది. టైప్ 2 మధుమేహం బయటపడడానికి ఎన్నో ఏండ్ల ముందునుండే రక్తంలో ఇన్సులిన్ ఇలా ఎక్కువగా ఉంటుంది.

ఇన్సులిన్ చక్కెరను పంపడమే కాక, కణాలను పెరగమని ప్రోత్సహిస్తుంది. టమాటా, క్యారెట్ పండించే మా ప్రాంతపు రైతులకు నేను ఇలా చెబుతుంటాను: "నీవు పైరుకని వేసిన యూరియాను కలుపుమొక్క తినకుండా ఉంటుందా?" శరీరంలో ఎక్కడైనా దారి తప్పిన కణం ఒకటి ఉంటే, ఎక్కువైన ఇన్సులిన్ దానికి ఎరువు అవుతుంది. దీనికి తోడు ఒంటి కొవ్వు వలన నిరంతరం సన్నని వాపు, మంట శరీరంలో రగులుతూ ఉంటాయి. ఋతుక్రమం ఆగిపోయిన స్త్రీలలో కొవ్వు నుండి ఈస్ట్రోజన్ తయారై గర్భాశయపు పొరను, స్తనాన్ని ప్రేరేపిస్తుంది. కాలేయంలో కొవ్వు చేరితే అది ఏండ్ల తరబడి గట్టిపడి క్యాన్సర్‌కు దారి తీయవచ్చు.

ఇక మధుమేహానికీ క్యాన్సర్‌కూ ఉమ్మడి శత్రువులు కొన్ని ఉన్నాయి. వయసు, స్థూలకాయం, శ్రమ లేకపోవడం, పొగాకు, మద్యం. అధిక కొవ్వుకు 13 రకాల క్యాన్సర్లతో సంబంధం ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2016లో ప్రకటించింది. కనుక ఒక్క చక్కెరనే నిందించి ప్రయోజనం లేదు.

నా పొరపాటు ఒకటి

కొన్నేండ్ల క్రిందటి సంగతి. మొయినాబాదు వైపు గ్రామం నుండి 56 ఏండ్ల రైతు ఒకరు నా వద్దకు వచ్చారు. సన్నని మనిషి, కష్టజీవి, వంశంలో ఎవరికీ షుగర్ లేదు. అప్పుడే క్రొత్తగా వ్యాధి బయటపడింది. "తిన్నది ఒంటికి పడ్తలేదయ్యా" అన్నారు. మూడు నెలల్లో ఆరు కిలోలు తగ్గారు.

ప్రమేహ రోగులు స్థూలురు, కృశులు అని రెండు విధాలని, కృశునికి బలం చేకూర్చే చికిత్స చేయాలని నేను చదువుకున్నాను. ఈయన కృశ ప్రమేహి అని నిర్ణయించి ఆ ప్రకారమే మందులిచ్చాను. చక్కెర కొంత అదుపులోకి వచ్చింది, బరువు మాత్రం తగ్గుతూనే పోయింది. నడుము పైభాగాన నొప్పి అంటే వాతమని తైలం ఇచ్చాను. ఐదవ నెలలో కండ్లు పచ్చబడ్డాయి. నగరానికి పంపి స్కానింగ్ చేయిస్తే క్లోమంలో కణితి, అది అప్పటికే కాలేయానికి పాకింది. ఆ సంవత్సరం బతుకమ్మ పండుగ నాటికి ఆయన లేరు.

ఇక్కడ మధుమేహం క్యాన్సర్‌ను తేలేదు. క్లోమంలోని క్యాన్సరే మధుమేహాన్ని తెచ్చింది. ఇన్సులిన్ పుట్టే చోటు క్లోమమే గదా. అక్కడ కణితి మొదలైతే, ఇతర లక్షణాలకంటే ముందే చక్కెర పెరగవచ్చు. 50 ఏండ్లు దాటాక క్రొత్తగా మధుమేహం వచ్చిన నూరుమందిలో సుమారు ఒకరికి మూడేండ్లలోగా క్లోమ క్యాన్సర్ బయటపడుతున్నదని పరిశోధనలు చెబుతున్నాయి. తొంభైతొమ్మిది మందికి ఆ భయం లేదు. కాని వయసు మీరాక, సన్నని మనిషికి, కారణం లేకుండా షుగర్ వచ్చి, బరువు కూడా వేగంగా తగ్గుతుంటే ఆ ఒక్కరిని వెదకవలసిందే.

ముందే పంపి ఉంటే ఆయన బ్రతికేవారని చెప్పలేను, ఆ క్యాన్సర్ అంత కఠినమైనది. అయినా ఐదు నెలల కాలం నా చేతిలో గడిచిపోయింది. గ్రంథంలో తప్పు లేదు. రోగిని గ్రంథానికి సరిపెట్టి చూచిన నా చూపులో తప్పున్నది. రోగిని చూచి గ్రంథం తెరువవలెనే గాని, గ్రంథం చూచి రోగిని తీర్మానించరాదని మా గురువుగారు ఊరికే చెప్పలేదు.

మరొక సంగతి కూడా చెప్పాలి. 58 ఏండ్ల ఇల్లాలు, స్థూలకాయం, పదేండ్లుగా మధుమేహం. బహిష్టు ఆగిపోయిన ఎనిమిదేండ్లకు మళ్ళీ రెండుసార్లు రక్తం కనిపించింది. సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. కోడలిని వెంటబెట్టుకొని వచ్చి, ఎర్రబట్టకు మందియ్యమన్నారు. నేను మందు ఇవ్వలేదు, వెంటనే స్త్రీవైద్యురాలి వద్దకు వెళ్ళమన్నాను. "గింత రక్తానికే పట్నం దవాఖానకు పోవాల్నా అయ్యా?" అని ఆమె నొచ్చుకున్నారు. పరీక్షలో గర్భాశయపు పొరలో తొలిదశ క్యాన్సర్ అని తేలింది. శస్త్రచికిత్స చేశారు. ఇది జరిగి ఆరేండ్లు దాటింది. ఆమె ఈనాటికీ ఉదయం నడకకు పోతూ నా వైద్యశాల ముందు ఆగి పలకరిస్తారు. ఆమెను కాపాడినది నా మూలిక కాదు. మూలిక ఇవ్వకపోవడమే ఆ రోజు నేను చేసిన వైద్యం.

ఉపేక్షించరాని లక్షణాలు

మధుమేహం ఉన్నవారు ఈ క్రింది వాటిలో ఏది కనిపించినా, ఇంటి వైద్యంతో కాలయాపన చేయక, డాక్టరును సంప్రదించాలి.

1. ఆహారం, మందులు మార్చకుండానే బరువు తగ్గిపోవడం.
2. 50 ఏండ్ల తరువాత క్రొత్తగా షుగర్ రావడం, లేదా ఎన్నాళ్ళో అదుపులో ఉన్న షుగర్ అకారణంగా అదుపు తప్పడం, దానితో పాటు ఆకలి మందగించడం, పొట్ట పైభాగం నుండి వెన్నులోకి నొప్పి.
3. కండ్లు, మూత్రం పచ్చబడడం, మలం తెల్లగా పోవడం.
4. బహిష్టు ఆగిన తరువాత ఒక్క చుక్క రక్తమైనా కనిపించడం.
5. స్తనంలో గడ్డ, చర్మం సొట్టపడడం, చనుమొన నుండి రక్తం.
6. మలంలో రక్తం, మలవిసర్జన అలవాటు మారడం, అకారణ రక్తహీనత. మొలలని మీకు మీరే నిర్ణయించుకోరాదు.
7. నొప్పి లేకుండా మూత్రంలో రక్తం.
8. నోటిలో మూడు వారాలకు మించి మానని పుండు, తెల్లని లేక ఎర్రని మచ్చ.

మధుమేహం ఉన్నవారికి పుండు మానకపోవడం మామూలే అని అందరూ అనుకుంటారు. నోటిలోని పుండు విషయంలో ఈ అనుకోవడమే ప్రమాదం. ముఖ్యంగా గుట్కా, జర్దా, బీడీ అలవాటున్నవారు జాగ్రత్త పడాలి.

30 ఏండ్లు దాటినవారికి రక్తపోటు, మధుమేహం, నోటి, స్తన, గర్భాశయ ముఖ క్యాన్సర్ల పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఉచితంగా చేసే జాతీయ కార్యక్రమం ఉన్నది. 2010లో మొదలైన ఈ కార్యక్రమం ఈ రెండు వ్యాధులనూ ఒకే గొడుగు క్రింద చేర్చింది. చక్కెర పరీక్షకు వెళ్ళిన రోజునే మిగిలిన పరీక్షలు కూడా అడిగి చేయించుకోవాలి. క్యాన్సర్ అని తేలితే, హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో 1955లో నెలకొల్పిన ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి మా ప్రాంతంవారికి దూరం కాదు.

ఇంటిలో చేయవలసినవి

ముందుగా ఒక కొలత టేపు తీసుకోండి. నడుము చుట్టుకొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించకూడదు. మించితే, చక్కెర పరీక్ష బాగానే ఉన్నా హెచ్చరిక వచ్చినట్లే. పరగడుపున చక్కెర 100 నుండి 125 వరకు ఉంటే వ్యాధి గుమ్మంలో ఉన్నట్లు, 126 గాని అంతకు మించి గాని రెండుసార్లు కనిపిస్తే మధుమేహం వచ్చినట్లు.

ఆహారం: రెండు పూటల అన్నంలో ఒక పూట మానండి. దాని స్థానంలో జొన్నరొట్టె, తైదల సంకటి, కొర్రన్నం, యవలు ఏదైనా సరే, మితంగా. జొన్నరొట్టె గదా అని ఐదారు తింటే అన్నం తిన్నట్లే. పళ్ళెంలో సగం కూర, పావు పప్పు లేక ఉలవలు, పెసలు, పావు మాత్రమే ధాన్యం. కాకర, బీర, సొర, మునగాకు, తోటకూర, మెంతికూర విరివిగా వాడండి. మా ప్రాంతంలో తాజా కూరగాయలకు కొదువ లేదు. వాటిని పట్నానికి పంపి, ఇంట్లో పచ్చడి మెతుకులతో సరిపుచ్చుకొనే రైతులను చూచి నేను బాధపడుతుంటాను. నిలవ మాంసం, మాడిన వేపుళ్ళు, బేకరీ తినుబండారాలు, సీసా పానీయాలు మానండి. రాత్రి భోజనం ఎనిమిది లోపు ముగించండి.

విహారం: వారానికి కనీసం 150 నిమిషాలు, చెమట పట్టేటట్లు నడవండి. ప్రమేహ రోగి బహుదూరం నడవాలని, బీదవాడైతే బావి త్రవ్వాలని సుశ్రుతాచార్యులు చెప్పడంలో ఆంతర్యం ఇదే. కండరం పనిచేస్తే ఇన్సులిన్ అవసరం తగ్గుతుంది. పగటినిద్ర మానండి. పొగాకు, మద్యం పూర్తిగా విడిచిపెట్టండి. మధుమేహంతో పాటు కాలేయంలో కొవ్వు ఉన్నవారికి మద్యం అగ్నిలో ఆజ్యం. హెపటైటిస్ బి పరీక్ష చేయించుకొని, వ్యాధి లేనివారు టీకా వేయించుకోవడం కాలేయానికి మరొక రక్ష.

గృహౌషధాలు: ఇవి చక్కెర అదుపునకు సహాయకాలు మాత్రమే. క్యాన్సర్‌ను ఆపే మందులని ఎవరూ భావించరాదు.

మెంతులు – రెండు చెంచాలు రాత్రి నీటిలో నానబెట్టి ఉదయం నమిలి తిని, ఆ నీరు త్రాగాలి. మెంతులు చక్కెరను, కొవ్వును తగ్గించడంపై 1980, 1990 దశకాలలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలోనే పరిశోధనలు జరిగాయి.

ఉసిరిక, పసుపు – రెండు చెంచాల ఉసిరిక రసంలో చిటికెడు పసుపు కలిపి పరగడుపున త్రాగాలి. ప్రమేహానికి ఈ జంటను మన ఆచార్యులు ఎంతో మెచ్చుకున్నారు.

నేరేడు గింజల చూర్ణం – అర చెంచా, భోజనానికి ముందు మజ్జిగతో.

తంగేడు పూలు – నీడన ఎండబెట్టినవి ఒక చెంచా, గ్లాసు నీటిలో మరిగించి వడగట్టి టీ వలె త్రాగవచ్చు.

ఇవన్నీ ఒకేసారి వాడరాదు. ఒకటి లేక రెండు ఎంచుకోండి. ఇన్సులిన్ లేక మాత్రలు వాడేవారు వీటిని మొదలుపెడితే చక్కెర మరీ పడిపోయి చెమటలు, వణుకు రావచ్చు కనుక పరీక్షలు చేయించుకుంటూ, డాక్టరుకు చెప్పి వాడాలి. డాక్టరు ఇచ్చిన మందులు తమంతట తాము ఆపివేయరాదు. క్యాన్సర్‌కు చికిత్స పొందుతున్నవారు మాత్రం మూలికలు ఏవైనా తమ క్యాన్సర్ వైద్యుని అనుమతి లేకుండా తీసుకోరాదు. కీమోథెరపీ మందులతో కొన్ని మూలికలకు పొసగదు. ఆ చికిత్సలో ఇచ్చే స్టీరాయిడ్ల వలన చక్కెర హఠాత్తుగా పెరగవచ్చు. షుగర్ ఉన్న సంగతి మొదటి రోజునే అక్కడ చెప్పాలి.

పాఠకులు తరచు అడిగే ప్రశ్నలు

ప్రశ్న: చక్కెర తింటే క్యాన్సర్ కణం పెరుగుతుందంటారు, నిజమేనా?

జవాబు: క్యాన్సర్ కణాలు చక్కెరను ఎక్కువగా వాడుకుంటాయన్నది నిజం. పెట్ స్కాన్ అనే పరీక్ష ఆ సూత్రం మీదనే పనిచేస్తుంది. కాని తీపి మానితే క్యాన్సర్ ఆకలితో చస్తుందనుకోవడం సరికాదు. మనం తిన్న అన్నం నుండి, పప్పు నుండి కూడా శరీరం చక్కెర తయారు చేసుకుంటుంది. తీపి వలన హాని స్థూలకాయం ద్వారా, అధిక ఇన్సులిన్ ద్వారా వస్తుంది. చికిత్సలో ఉన్న రోగిని పస్తులుంచితే రోగి క్షీణిస్తాడు.

ప్రశ్న: షుగర్ మందుల వలన క్యాన్సర్ వస్తుందా?

జవాబు: పయోగ్లిటజోన్ అనే మాత్రకు మూత్రాశయ క్యాన్సర్‌తో సంబంధం ఉన్నదన్న అనుమానంతో కేంద్ర ప్రభుత్వం 2013 జూన్‌లో అమ్మకం నిలిపి, జూలైలో హెచ్చరికతో తిరిగి అనుమతించింది. అది వాడేవారు మూత్రంలో రక్తం కనిపిస్తే వెంటనే చెప్పాలి. గ్లార్జిన్ అనే ఇన్సులిన్‌పై 2009లో అనుమానాలు వచ్చాయి. పన్నెండు వేల మందికి పైగా రోగులను ఆరేండ్లు పరిశీలించి, క్యాన్సర్ పెరగలేదని 2012లో తేల్చారు. అవసరమైన ఇన్సులిన్‌ను ఈ భయంతో మానడం ప్రాణాంతకం.

ప్రశ్న: మెట్‌ఫార్మిన్ మాత్ర క్యాన్సర్‌ను ఆపుతుందని విన్నాము.

జవాబు: అది వాడే మధుమేహులలో కొన్ని క్యాన్సర్లు తక్కువగా ఉన్నాయని పూర్వం కొన్ని పరిశీలనలు సూచించాయి. కాని రొమ్ము క్యాన్సర్ రోగులకు ఇచ్చి చూచిన పెద్ద ప్రయోగంలో ప్రయోజనం కనిపించలేదని 2022లో ప్రకటించారు. మధుమేహానికి అది మంచి మందు, క్యాన్సర్ కోసమని వాడవలసినది కాదు.

ప్రశ్న: షుగర్‌నూ, క్యాన్సర్‌నూ ఒకే మందుతో సమూలంగా పోగొడతామని కొందరు అంటున్నారు. నమ్మవచ్చునా?

జవాబు: నమ్మకండి. 1954 నాటి కేంద్ర చట్టం ప్రకారం కొన్ని వ్యాధులను నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడం నేరం. ఆ జాబితాలో మధుమేహమూ ఉన్నది, క్యాన్సరూ ఉన్నది. ఆయుర్వేదం పేరు చెప్పి ఇలాంటి ప్రకటనలు చేసేవారు రోగికే కాదు, ఆయుర్వేదానికీ ద్రోహం చేస్తున్నారు.

చివరి మనవి

మధుమేహం ఉన్న ప్రతి ఇంటిలోనూ చక్కెర అంకెలు వ్రాసుకొనే పుస్తకం ఒకటి ఉంటుంది. ఆ పుస్తకంలో మరి రెండు వరుసలు చేర్చండి. నెలకొకసారి శరీర బరువు ఒక వరుసలో, నడుము కొలత మరొక వరుసలో వ్రాయండి. బరువు మీ ప్రయత్నంతో తగ్గితే సంతోషించండి. ప్రయత్నం లేకుండా తగ్గితే వైద్యుని వద్దకు పరుగెత్తండి. నా వద్దకు వచ్చిన ఆ రైతు ఇంటిలో అటువంటి పుస్తకం లేదు, ఆనాడు నేను కూడా వ్రాయమని చెప్పలేదు. ఇప్పుడు మధుమేహంతో వచ్చిన ప్రతివారికీ, మందు పొట్లం కట్టక ముందే, బరువు తూచి ఆ అంకెను చీటీ మీద వ్రాసి ఇస్తున్నాను.